మేమంతా ఓనర్లమే
మిన్నియాపొలిస్‌లో మేము జిప్సం బోర్డుల పని చేస్తున్న భవనంలో కూలివాళ్లు లేరు. కాగితాల ప్రకారం అందరం ఓనర్లం. పనిలో చేరిన రోజే, ఎవరి కంపెనీ వాళ్లదని కాంట్రాక్టరు మా చేత సంతకాలు పెట్టించుకున్నాడు. మేమూ ఒకరినొకరం అలాగే పిలుచుకునేవాళ్లం.

“ఓనరు గారూ, ఆ పుట్టీ బకెట్ ఇటు తొయ్యండి.”

“మీ డ్రైవర్ని పంపండి, తోస్తా.”

జనవరిలో కసిమీరో నిచ్చెన మీదనుంచి పడ్డాడు. మోకాలు చితికింది, ఆపరేషన్ చేయాలన్నారు. కూలివాడైతే కాంట్రాక్టరు బీమా ఆ ఖర్చు భరించేది. ఓనరు కాబట్టి అతని పాట్లు అతనే పడాలన్నారు. ఒతీలియా లేబర్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆమె కూడా మాలాగే ఈక్వడార్ నుంచి వచ్చి పుట్టీ పని చేస్తున్న మనిషి. ఫోన్ చేసింది ఆమేనని మేస్త్రీ నెప్తలీకి తెలియదు.

“రేపు లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తాడు,” అన్నాడు నెప్తలీ. “ఒకటే మాట చెప్పండి. మా ఇష్టమొచ్చినప్పుడు వస్తాం, ఇష్టమొచ్చినప్పుడు పోతాం. బుర్రకెక్కిందా?”

“ఎక్కింది మేస్త్రీ,” అంది ఒతీలియా.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్పానిష్ వచ్చినవాడు. ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో ఎవరు చెబుతారని ముందు ఒతీలియానే అడిగాడు.

“నా ఇష్టమండీ. ఓనర్ని కదా,” అంది ఆమె.

నెప్తలీ తల ఊపాడు.

ఆమె తాను పుట్టీ పెడుతున్న బోర్డుల అతుకును చివరిదాకా నునుపు చేసింది. సగంలో వదిలేస్తే ఆరి గీత పడుతుంది. తర్వాత బ్లేడు కడిగి, కోటు తొడుక్కుంది.

“ఎక్కడికి?”

“ఇంటికి మేస్త్రీ. ఇవాళ్టికి చాలనిపించింది.”

నెప్తలీ ఇన్‌స్పెక్టర్ వైపు చూసి నవ్వబోయాడు. మేమున్న అంతస్తు పని పూర్తిచేసి సాయంత్రానికి అప్పజెప్పాలి. ఒతీలియా గుమ్మం దగ్గరికి చేరింది.

“ఏయ్ ఒతీలియా! ఎవర్నడిగి పోతున్నావ్? ఆ గుమ్మం దాటావో, రేపట్నుంచి నీకు పన్లేదు!”

“ఆమె ఎవర్నడగాలండీ?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మాలో ఎవరూ కదల్లేదు. నెప్తలీ మాట ఉత్త బెదిరింపు కాదని మా అందరికీ తెలుసు. ఒతీలియాకూ తెలుసు. ఆమె గుమ్మం దాటింది.

మేము కూలివాళ్లమేనని లేబర్ ఆఫీసు మార్చిలో తేల్చింది. కసిమీరో ఆపరేషన్‌కు బీమా ఒప్పుకుంది. ఆపరేషన్ రోజు అతన్ని ఆసుపత్రికి ఒతీలియానే తీసుకెళ్లింది. మాకెవరికీ సెలవు దొరకలేదు.