సిమెంటు రోడ్డు మీద చిరుత

తిరుపతిలో కొండవార వీధుల్లో కుక్క మొరిగితే దొంగొచ్చాడని ఎవరూ అనుకోరు. చిరుత దిగిందనుకుంటారు. అలాంటి వీధిలో, పన్నెండేళ్లు మొత్తుకుంటే వచ్చిన కొత్త సిమెంటు రోడ్డు మీద, వేసిన మరునాడే అడుగుల గుర్తులు కనబడితే ఇక చెప్పాలా?

సోమవారం పొద్దు కుంగేవేళకు మేస్త్రీలు రోడ్డు పోసి, నున్నగా రుద్ది వెళ్లారు. మంగళవారం తెల్లారిజామున కుక్కలు ఒకటే మొరిగాయి. తెల్లారి చూస్తే గోడవారగా గుర్తులు. నాలుగేసి గుండ్రటి గుంతలు, మళ్లీ జానెడు దూరాన నాలుగు. కండక్టరు పని చేసి రిటైరైన ధనశేఖర్ ఒక గుంత పక్కన పదిరూపాయల బిళ్ల పెట్టి ఫొటో తీసి, వీధి వాట్సాప్ గ్రూపులో వేశాడు. కింద ‘చిరుత?’ అని రాశాడు. మధ్యాహ్నానికి ఆ ప్రశ్నార్థకాన్ని ఎవరో మింగేశారు.

సాయంత్రానికి చిరుతకు తోకా మీసాలూ వచ్చాయి. తగిలించినవాడు దేవరాజులు. ఎనభై దాటినవాడు. తుంటి విరిగి, ఆపరేషనై, మూడు నెలలుగా అరుగు మీదే కూర్చున్నాడు. డాక్టర్లు ఆయన తుంటికి కట్టు కట్టగలిగారు గానీ నోటికి కట్టలేకపోయారు.

“మా ఊర్లో ఒక సిరతుండేదప్పా. మా యమ్మ మజ్జిగ సిలకతావుంటే వచ్చి, కవ్వం తాడు రెండో కొస పట్టుకునేది. వెన్న దీసినాక దానికొక ముద్ద. అది సచ్చిపోయినప్పుడు మా నాయన గుండు గీయించుకున్నాడు” అన్నాడు.

“అయితే పెద్దాయనా, ఇది దాని మనవడంటావా?” అన్నాడు ధనశేఖర్.

“కాదప్పా, దాని సెల్లెలి వంశం. నడకలోనే తెలస్తా ఉండాది.”

అందరూ నవ్వారు. నవ్వి, ఇళ్లకు పోయి, గడియలు వేసుకున్నారు.

నవ్వలేనిది మునిరత్నమ్మ ఒక్కతే. వీధి చివర ఆమె ఇడ్లీ బండి. తెల్లవారి అయిదున్నరకు కొండదారిలో నడిచొచ్చేవాళ్లు, మొదటి డ్యూటీకి పోయే డ్రైవర్లు, పూలగంపల వాళ్లు, వీళ్లే ఆమె గిరాకీ. ఎండెక్కితే పెద్దరోడ్డులో హోటళ్లు తెరుస్తారు, ఇటు చూసేవాడుండడు. బుధవారం ఒక్క మనిషి రాలేదు. గురువారం ఇద్దరొచ్చి, స్కూటరు ఆపకుండానే పొట్లం కట్టించుకొని పరుగెత్తారు. పిండి పులిసి గిన్నె అంచు దాటింది. ఇంకో వారం ఇలాగే సాగితే బండి మూసేసి రేణిగుంట గోడౌనుకు పోవాలి. రోజుకు పన్నెండు గంటలు నిలబడి అట్టపెట్టెలకు టేపు అంటించే పని. మోకాళ్లు అరిగిపోయి ఆ పని మానుకున్న మనిషి. చిరుతంటే ఆమెకు భయమే. గోడౌనంటే ఇంకా భయం.

అందుకే శుక్రవారం, బేరం లేక చేతులు ఊరికే ఉంటే, ఆ గుర్తుల పక్కన చతికిలబడి కూర్చుంది. ఇంతవరకూ వీధంతా చూసింది ఫోనులో ఫొటోనే. గుంతలో వేలు పెట్టి చూసినవాళ్లు లేరు.

వేలు పెట్టింది. అడుగున గుండ్రటి గీతలు తగిలాయి, ఒకదాని లోపల ఒకటి. పక్క గుంతలోనూ అవే. ‘చిరుత వేళ్లకు చెప్పులు కూడా ఉంటాయా?’ అనుకుంది. పైగా గుర్తులన్నీ ఒకే వరస. నాలుక్కాళ్ల జంతువు ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చిందా? ఆ వరసకు ఆనుకునే ఇటుకల మచ్చలున్నాయి. సోమవారం జనం నడవడానికి మేస్త్రీలు ఇటుకల మీద చెక్కలు పరిచింది అక్కడే.

లేచి వరస వెంట నడిచింది. కొండవైపు ఒక్క గుర్తూ లేదు. ఒక కొస మిరపకాయ బజ్జీల బండి నిలిచే మూలన ఆగింది. రెండో కొస దేవరాజులు ఇంటి మెట్ల దగ్గర.

అరుగు మీద టక్కుమంది. ఆయన ఊతకర్ర జరుపుకుంటున్నాడు. ఆస్పత్రిలో ఇచ్చిన కర్ర, కింద నాలుగు చిన్న కాళ్లు, కాళ్లకు రబ్బరు తొడుగులు. తొడుగుల మీద ఎండిన సిమెంటు.

మునిరత్నమ్మ మెట్టు మీద కూర్చుంది. “పెదనాయనా, సిరత బజ్జీలు తింటాదా?”

“తినకేం అమ్మీ! మా ఊరి సిరతైతే...”

“మీ ఊరిది గాదు. ఈ వీధిది. సోమారం ఎన్ని తినింది?”

ఆయన చూపు ఇంట్లోకి పోయి వచ్చింది. లోపల కోడలు సుజన మిక్సీ వేస్తోంది.

“నాలుగు” అన్నాడు గొంతు తగ్గించి. “మెల్లింగా మాట్లాడు తల్లీ. మూడు నెల్లుగా రాగిజావ. ఆయమ్మ మార్కెట్టుకు పోయిందని బయటపడినా. సెక్క మీద నేను పట్టినా గానీ ఈ కర్ర పట్టలా. తెలిసిందంటే కర్ర దాచిపెడతాది. ఇంక నేను మంచానికే.”

“నువ్వు మంచానికి, నేను గోడౌనుకి. బాగుండాది.”

“సిరత అని నేనన్లేదు కదమ్మీ. వాళ్లంటే తోక తగిలించినా, అంతే.”

“ఆ తోకే నా బండిని కొట్టింది పెదనాయనా.”

దేవరాజులు కర్ర తొడుగుకు అంటిన సిమెంటును గోటితో గీకసాగాడు.

“నా నోటితో నేను చెప్పను. నీ కత, నువ్వే ముగించుకో” అని ఆమె లేచి పోయింది.

శనివారం సగం పిండే కలిపింది. ఆవిరి లేస్తోంది, వీధిలో పిట్ట లేదు. అప్పుడు వినబడింది. టక్. టక్.

“తలుపులు తీయండప్పా! సిరతొచ్చింది, సూడండి!”

ముందు కిటికీలు తెరుచుకున్నాయి, తర్వాత తలుపులు. దేవరాజులు ఒక్కో గుంతలో కర్ర దింపుతూ వస్తున్నాడు. కుండకు మూత కుదిరినట్టు నాలుగు కాళ్లూ నాలుగు గుంతల్లో కూర్చుంటున్నాయి. ధనశేఖర్ ఫోను పట్టుకొని వచ్చి, వంగి చూసి, ఫొటో తీయడం మరిచిపోయాడు. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు వీధంతా పాకింది.

వెనకాలే సుజన పరుగెత్తుకొచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె చూపు గుంతల వరస వెంట బజ్జీల మూల దాకా పోయి, తిరిగొచ్చి మామ ముఖం మీద ఆగింది.

“బజ్జీలా మామా?”

“ఇయ్యాళ ఇడ్లీనేమ్మా. ఆవిరిది. డాక్టరు వద్దన్లా.”

సుజన చెయ్యి కర్ర మీదికి పోయింది. ఆ చెయ్యి కర్రను వదిలి ఆయన మోచేతిని పట్టుకుంది. “రెండే పెట్టక్కా. కారం వద్దు” అంది మునిరత్నమ్మతో. “దినామూ నేనే తోడుకొస్తా.”

“నాకు నాలుగు” అన్నాడు ధనశేఖర్. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకో ఇద్దరు. మునిరత్నమ్మ రెండో వాయికి పిండి చాలదని లోపల్లోపల తిట్టుకుంది.

ధనశేఖర్‌కు మాత్రం ఒక అనుమానం తీరలేదు. “అంతా సరే పెద్దాయనా. నువ్వు పోయింది సాయంత్రం గదా. మరి తెల్లారిజామున కుక్కలెందుకు మొరిగినాయి?”

అందరూ కొండవైపు చూశారు. దేవరాజులు కళ్లు మెరిశాయి. గొంతు సవరించుకున్నాడు. “అదా, అదేమైందంటేనప్పా...”

మునిరత్నమ్మ వేడివేడి ఇడ్లీ ముక్క తుంచి ఆయన నోట్లో పెట్టేసింది.