ఒక్కరి పడవ

షెడ్డులో ఒక్కరు నడిపే పడవలు రెండే మిగిలి ఉన్నాయి. ఒకటి పొట్టిది, ముక్కు కోసేసినట్టు చదునుగా, స్నానాల తొట్టిలా ఉంది. చిన్నపిల్లలు మొదటిసారి ఎక్కేది అదే. రెండోది పొడుగ్గా, పల్చగా, నేలకు కరుచుకుని ఉంది. దానికీ ఒకటే తెరచాప, కానీ ఆ తెరచాప పూర్తిగా విప్పితే టైలరు దుకాణంలో నిలబడడానికి చోటుండదు. వేసవిలో దాని చిరుగు కుట్టింది ఆయనే, సగం వీధిలో పరిచి.

"చూసుకోండి మాస్టరు గారూ. మీ ఇష్టం, మీ అమ్మాయి ఇష్టం," అంది కెప్టెనమ్మ.

ఆమె ఏ ఓడకూ కెప్టెన్ కాదు. ఈ పడవల క్లబ్బులో పిల్లలకు నేర్పుతుంది. గట్టు మీద నిలబడి ఆమె వేసే ఒక్క కేకకు నీళ్ల మీది పడవలన్నీ ముక్కు వెనక్కి తిప్పుతాయని ఎవరో ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్లు వెళ్లిపోయారు, పేరు ఉండిపోయింది.

టైలరుది బడి యూనిఫారాల దుకాణం. క్లబ్బు తెరచాపలకు అతుకులు వేసేదీ ఆయనే. ఈ ఏడాది పడవలన్నిటికీ కొత్త ముసుగులు కుట్టి ఇస్తే, కూలికి బదులు పాత పడవ ఒకటి తీసుకోమన్నారు. మామూలుగా అయితే ఆయన వద్దనేవాడు. కానీ ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు కూతురు పుస్తకంలోంచి తల ఎత్తి, "ఒక్కరు నడిపేదైతే నాకు కావాలి" అంది. కొడుకు పోయాక ఆ పిల్ల నోట 'నాకు కావాలి' అన్న మాట రావడం అదే మొదలు. భార్యాభర్తలు స్టవ్వు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అడిగింది, అదే పదివేలు," అంది భార్య, కూతురు అవతలికి వెళ్లాక. "విమానం అడిగినా తెచ్చిపెట్టు."

అంతకు ముందు అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఇద్దరి పడవలో వెళ్లేవారు. పిల్ల చుక్కాని పట్టేది. దిట్టంగా ఉండే అన్న పడవ అంచు మీద కూర్చుని, ఒళ్లంతా బయటికి వాల్చి, గాలికి పడవ ఒరిగిపోకుండా కాసేవాడు. "బుర్ర నీది, బరువు నాది" అనేవాడు. ఆ బరువంతా జబ్బు తినేసింది. చలికాలం చివర్లో పోయాడు. ఆ ఇద్దరి పడవలో ఇంకెవరితోనూ కూర్చోనని పిల్ల చెప్పేసింది. ఎవరూ బలవంతపెట్టలేదు.

షెడ్డులోకి రాగానే ఆమె పొట్టి పడవను దాటుకుని నేరుగా పొడుగుదాని దగ్గరికి వెళ్లింది. దాని అంచు మీద చెయ్యి వేసి, చివరిదాకా నిమురుకుంటూ నడిచింది.

"ఇదే బాగుంది," అన్నాడు టైలరు. "కాస్త పెద్దదైనా పరవాలేదు. ఎదిగే పిల్ల."

కెప్టెనమ్మ నవ్వింది. "ఇదేమైనా గౌనా మాస్టరు గారూ, మడత వదిలి కుట్టి రెండేళ్లు తొడగడానికి? ఇవాళ ఎక్కితే ఇవాళ్టి బరువే అడుగుతుంది." పిల్ల వైపు తిరిగింది. "ఎంతున్నావే?"

"నలభై ఎనిమిది," అంది పిల్ల, పడవ మీంచి చూపు తిప్పకుండా.

టైలరు ఏమీ అనలేదు. ఆయన కొలిచేది టేపుతోనే. కిలోల సంగతి తనకేం తెలుసు అనుకోవచ్చు. కానీ బడి తెరిచినప్పుడు ఆ పిల్ల స్కర్టు నడుము దగ్గర కుట్టు లోపలికి వేశాడు. వానలు మొదలయ్యాక మళ్లీ వేశాడు. ఆ తర్వాత హుక్కు జరిపాడు. చివరిసారి ఆమె అడగను కూడా అడగలేదు, స్కర్టు తెచ్చి మిషను మీద పెట్టి వెళ్లిపోయింది. పొద్దున్నకల్లా కుట్టి కుర్చీ మీద వేశాడు. పిల్ల పిన్నులు పెట్టుకుని తిరగకుండా బట్టలు ఒంటికి సరిగ్గా ఉన్నాయి కదా, అదొక నయం అనుకున్నాడు. అలాంటి నయాలు వెతుక్కుంటూనే ఆ ఏడాదంతా గడిపాడు.

కెప్టెనమ్మ పిల్లను పైనుంచి కిందికి చూసింది. వదులు స్వెటరు, దాని మీద ఇంకో జాకెట్టు.

"సరే. నీళ్లలోకి దింపు. గట్టు దాటి వెళ్లి, బోల్తా కొట్టించు. నీ అంతట నువ్వే లేపి ఎక్కాలి. లేపితే పడవ నీది."

"లేపకపోతే?"

"పక్కన అన్న ఉండడు, నేనుండను. అందుకే అడుగుతున్నా. మా అమ్మ వచ్చి ఒక్కరి పడవ కావాలన్నా ఇదే మాట చెప్తా."

"మీ అమ్మగారికి ఎనభై కదా," అంది పిల్ల.

"అయినా లేపుతుంది. ఆవిడ సంగతి నీకు తెలీదు."

పిల్ల నవ్వింది. చిన్న నవ్వే.

టైలరు, కెప్టెనమ్మ మోటారు పడవలో వెనకాలే వెళ్లారు. గాలి మరీ ఎక్కువ లేదు. పొడుగు పడవ గట్టు దాటగానే తెరచాప నిండింది. పిల్ల ఒక చేత్తో తాడు, ఒక చేత్తో చుక్కాని పట్టుకుని అంచు మీదికి జరిగింది. ఇంట్లో ఎప్పుడూ చెవుల దాకా ఎత్తి పెట్టుకునే భుజాలు కిందికి దిగాయి. నోరు కొంచెం తెరుచుకుంది. టైలరు ఆ మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఇంటికెళ్లి భార్యకు ఏ మాటల్లో చెప్పాలా అని వెతుక్కున్నాడు.

కెప్టెనమ్మ ఈల వేసింది. పిల్ల పడవను ఒక పక్కకు వాల్చింది. అది నెమ్మదిగా ఒరిగి పడింది, తెరచాప నీళ్ల మీద పరుచుకుంది.

తర్వాత ఏం చెయ్యాలో టైలరుకు తెలుసు. ఒడ్డు మీంచి ఎన్నోసార్లు చూశాడు. పడవ మధ్యలోంచి నీళ్లలోకి దిగే పలక ఒకటి ఉంటుంది. పడవ పక్కకు పడ్డప్పుడు అది అరుగులా బయటికి వస్తుంది. దాని మీదికెక్కి నిలబడి, పడవ అంచు పట్టుకుని, ఉన్న బరువంతా వెనక్కి వేయాలి. అప్పుడు తెరచాప స్తంభం నీళ్లలోంచి లేస్తుంది. కొడుకు ఉన్నప్పుడు ఆ పని వాడిదే. కూతురు అవతల నీళ్లలో తేలుతూ, పడవ లేచినప్పుడు దాంతోపాటే లోపలికి వచ్చి పడేది.

ఆమె పలక మీదికి ఎక్కింది. అంచు పట్టుకుని వెనక్కి వాలింది. తెరచాప అంచు నీళ్ల మీంచి మూరెడు లేచింది. అక్కడే ఆగింది. మళ్లీ పడిపోయింది.

"తొందరేం లేదు!" కెప్టెనమ్మ అరిచింది. "ఊపిరి తీసుకో!"

మళ్లీ వాలింది. ఈసారి మూరెడు కూడా లేవలేదు. పలక చివరికంటా జరిగి, మోకాళ్లు నిటారుగా చేసి, తల కూడా వెనక్కి వాల్చేసింది. ఇంక వాల్చడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. పడవ కదల్లేదు.

"వెళ్దాం," అన్నాడు టైలరు.

"సాయం కావాలని చెయ్యి ఎత్తనీండి."

"అది ఎత్తదు."

ఆమె ఎత్తలేదు. కాలు జారి నీళ్లలో పడింది. పలకను రెండు చేతులా పట్టుకుని పైకి రావడానికి చూసింది, మోచేతుల దాకా వచ్చి జారిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ జారింది. పెదాలు నల్లబడడం ఇంత దూరం నుంచే కనిపిస్తోంది. అప్పుడు కెప్టెనమ్మ మోటారు వేసింది.

దగ్గరికి వెళ్లి, పాదాలు తన్నిపెట్టి, లైఫ్ జాకెట్టు పట్టీ అందుకుని గట్టిగా లాగింది. పదిహేనేళ్ల పిల్లను నీళ్లలోంచి లాగడం ఆమెకు కొత్త కాదు. ఆ బరువుకు సిద్ధపడి లాగింది. ఆ బరువు రాలేదు. పిల్ల తడిసిన గుడ్డలా పైకి లేచి వచ్చింది, కెప్టెనమ్మ వెనక్కి వెళ్లి పడవ అడుగున కూలబడింది.

కెప్టెనమ్మ లేచి, తన కోటు విప్పి పిల్లకు చుట్టింది. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం టైలరు తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాడు.

తెరచాపలు ఆరబెట్టే గదిలో హీటరు ఉంది. పిల్లను దాని ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. తాగలేదు.

"నాన్నా," అంది కాసేపటికి. "తెరచాప పెద్దదైంది, అంతే. నువ్వు కోసి చిన్నది చేసెయ్. చిన్నదైతే లేపుతాను."

టైలరు కెప్టెనమ్మ వైపు చూశాడు.

"చిన్నది చేస్తే కొంత తేలికవుతుంది. అబద్ధం చెప్పను," అంది ఆమె. "గాలి తక్కువగా ఉన్న రోజు లేపుతుందేమో. కానీ తెరచాప కింద ఉన్న పడవ బరువు అదే కదా. కత్తెర మీ చేతిలో ఉంది. మీరు కోస్తానంటే నేను ఆపను."

"కోస్తాడు," అంది పిల్ల. "ఒక్క పూట పని. కదా నాన్నా?"

ఒక్క పూట కూడా పట్టదు. ఎక్కడ కోయాలో, అంచు ఎంత మడవాలో ఆయన కళ్లకు అప్పుడే కనిపిస్తోంది.

"కోయనమ్మా," అన్నాడు.

"ఎందుకు?"

"కోయను."

"పొట్టిది తీసుకోమంటావా? దాంట్లో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. పాలపళ్ల పిల్లలతో కలిసి తిరగనా?"

"పొట్టిదీ వద్దు. రేపు ఆస్పత్రికి వెళ్దాం."

పిల్ల గ్లాసు బల్ల మీద పెట్టింది. టీ ఒలికింది. "అన్న అడిగితే చేసేవాడివి."

"చేశాను," అన్నాడు టైలరు. గొంతు పెంచలేదు. "వాడు అడగకముందే చేశాను. వాడి చొక్కాలు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి కుట్టుకుంటూ పోయాను. భుజాలు జారకూడదని, చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు వాడు చిన్నబోకూడదని. చివరి చొక్కా అయితే చంటిపిల్లాడి చొక్కాలా అయింది. ఒంటికి బాగా కుదిరింది. ఏం లాభం? నీ స్కర్టు కుట్టేటప్పుడు కూడా నా చేతులకు తెలుస్తూనే ఉంది. నోరే రాలేదు. ఇంక ఏదీ లోపలికి కుట్టను, తల్లీ. గుడ్డదైనా సరే, తెరచాపదైనా సరే."

కెప్టెనమ్మ గోడకు వేలాడే తాళాలు తీసుకుని, "పడవ లోపల పెట్టించి వస్తా," అని బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

పిల్ల హీటరు వైపే చూస్తోంది.

"వాడు మింగలేకపోయేవాడు కదా," అంది. "అమ్మ వాడి గిన్నె వెనక్కి తీసుకెళ్తుంటే వాడు నా కంచం వైపు చూసేవాడు. నాకు కూడా ఆకలి లేదురా అనేదాన్ని. వాడికి తోడుగా మానేశాను. అంతే. కావాలని కాదు."

"తర్వాత?"

"తర్వాత ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. మొదలుపెడితే వాణ్ణి వదిలేసి వెళ్లినట్టు ఉంటుంది."

టైలరు దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాడు. కోటు జారిపోతుంటే సర్దాడు. కోటు మీంచి కూడా భుజం ఎముక చేతికి తగిలింది.

కెప్టెనమ్మ తిరిగి వచ్చాక ఉన్న మాట చెప్పింది. "పొడుగుదాన్ని ఇంకో కుటుంబం అడుగుతోంది. వచ్చే వారం పందేలు మొదలవుతాయి. దాచి ఉంచుతానని నీకు మాటిస్తే అది అబద్ధమవుతుంది."

"అయితే పోతుంది," అంది పిల్ల.

"పోతుంది."

"ఇలాంటిది ఇంకోటి వస్తుందా?"

"పడవలు వస్తూనే ఉంటాయే. వాటిదేముంది."

ఆ మాట అంటూనే కెప్టెనమ్మ ఒలికిన టీ తుడవడం మొదలుపెట్టింది.

బస్సులో పిల్ల జుట్టులోంచి నీళ్లు సీటు మీదికి కారుతూనే ఉన్నాయి. కండక్టరు చూసి, ఏదో అనబోయి, పిల్ల మొహం చూసి ఊరుకున్నాడు. పైగా తెరిచి ఉన్న కిటికీ మూసి వెళ్లాడు. ఆమె అద్దానికి తల ఆనించింది. నిద్రపోయిందేమో అనుకున్నాడు టైలరు.

"రేపు అమ్మ రాకూడదు," అంది కళ్లు మూసుకునే.

"ఎందుకే?"

"అక్కడి కుర్చీలన్నీ అమ్మకి తెలుసు."

"సరే. నేనొక్కణ్ణే వస్తా."

"నువ్వూ ఏడవకూడదు."

"నేనెప్పుడు ఏడ్చానే?"

"మిషను తొక్కుతూ. ఆ చప్పుడుకి ఎవరికీ వినపడదనుకుంటావు."

టైలరు మొహం పక్కకు తిప్పుకుని, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నట్టు నటించాడు.

"వాళ్లు గొట్టం పెడతారా, అన్నకి పెట్టినట్టు?"

"తెలీదు తల్లీ. అడుగుదాం. పెట్టాలంటే పెడతారేమో."

పెట్టరులే అని ఆయన అనలేదు. ఆమె కూడా అనమని అడగలేదు.

దిగాల్సిన చోటు వచ్చింది. ఇంటికి వెళ్లే వీధి ఎత్తు. ఇదివరకు ఆ పిల్ల తండ్రి కంటే ముందు ఎక్కి, పైనుంచి వెక్కిరించేది. ఇవాళ సగం దారిలో ఆగి, గోడకు చెయ్యి ఆనించింది. టైలరు కూడా ఆగి, చెప్పులో రాయి పడ్డట్టు వంగాడు. కాసేపయ్యాక మళ్లీ నడిచారు.

మూడో అంతస్తు కిటికీలోంచి భార్య సగం బయటికి వంగి ఉంది. పొద్దున్నుంచీ అక్కడే నిలబడి ఉందేమో. మనసు తేలికపడ్డ గొంతుతో, వీధి మొత్తానికి వినపడేలా అరిచింది.

"ఏది తీసుకున్నారే? పొడుగుదా, పొట్టిదా?"

టైలరు నోరు తెరిచాడు. ఏదో ఒకటి, మెట్లు ఎక్కేదాకా సరిపోయేది చెబుదామనుకున్నాడు.

"ఏదీ తీసుకోలేదమ్మా," అంది కూతురు, తల ఎత్తి. "లేపలేకపోయాను. నాకు బరువు లేదు. నలభై ఎనిమిది అని అబద్ధం చెప్పాను."

పై కిటికీలో భార్య కదలకుండా ఉండిపోయింది. తర్వాత ఆ కిటికీ ఖాళీ అయింది. మెట్ల మీద చెప్పుల్లేని కాళ్లు గబగబా దిగి వస్తున్న చప్పుడు వినిపించింది.