మిషన్లు ఆగిన బుధవారం

మూడో బుధవారం కూడా ఆ తలుపుకు తాళమే ఉంది. వికారాబాద్‌లో కొత్తగా రంగు వేసిన ఆ భవనం మీద "బాలల మనోవికాస కేంద్రం, వైద్యం ఉచితం" అని మనిషెత్తు అక్షరాలు రాశారు. పక్కన నవ్వుతున్న పిల్లల బొమ్మలు వేశారు. డాక్టరును వెయ్యడం మాత్రం మరిచిపోయారు.

దేవమ్మ పన్నెండేళ్ల కూతురు అమూల్య చెయ్యి పట్టుకుని ఆ బోర్డు కింద నిలబడింది. తాండూరులో పొద్దున్నే రైలెక్కి వచ్చింది. వరండాలో కుర్చీ వేసుకున్న అటెండరు తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"డాక్టర్ సారును పట్నం డ్యూటీకి తీస్కున్నరు. వచ్చే బుధారం రా."

"పోయిన బుధారం గూడ గిదే మాటంటివి సారూ. పిల్ల నాలుగు నెలల సంది మాట్లాడుతలేదు. బువ్వ గూడ సరిగ తింటలేదు."

"నన్నేం జెయ్యమంటవ్? గంత తొందరుంటే ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తీస్కపో."

అక్కడున్న ఐదారుగురు తల్లులు ఆ మాటకు తలలు దించుకున్నారు. ఆ పేరు ఒక్కసారి పిల్లకు అంటుకుంటే వాడకట్టంతా పిచ్చిది అని పిలుస్తుందని వాళ్లకు తెలుసు. అమూల్య గోడమీది బొమ్మపిల్లల వైపు చూస్తూ ఉండిపోయింది.

తప్పు తనదేనని తిరుగు రైల్లో దేవమ్మ ఏడుస్తూనే ఉంది. ఆ తప్పేమిటో చెప్పాలి. తాండూరు బండలను నున్నగా చేసే పాలిష్ ఫ్యాక్టరీలో ఆమెది పదిహేనేళ్ల పని. మిషన్ తిరుగుతుంటే పక్కమనిషి కేక కూడా వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. నీళ్లు వదలమనడానికి ఒక సైగ, బండ తిప్పమనడానికి ఒక సైగ, సేటు వస్తున్నాడని హెచ్చరించడానికి ఒకటి. చెవులు సగం పోయిన ఆ తల్లులు ఇంటికి పోయినా అవే సైగలు చేస్తారు. పిల్లలకూ అదే అలవాటవుతుంది.

ఎండాకాలంలో అమూల్య నాయనకు సద్దిగిన్నె తీసుకుని బండల గనికి పోయింది. ఆమె కళ్లముందే పేర్చిన బండల వరస జారి నాయన మొగులప్ప మీద పడింది. దినాలు కాగానే దేవమ్మ మళ్లీ మిషన్ దగ్గర నిలబడింది. ఇంట్లో పిల్ల చెయ్యి ఊపితే నీళ్లిచ్చింది, చెయ్యి ఊపితే అన్నం పెట్టింది. పిల్ల నోట మాటే రావడం లేదన్న సంగతి బళ్లో పద్మారాణి టీచర్ చెబితే తెలిసింది. అప్పటికే రెండు నెలలు గడిచాయి. కన్నతల్లికి తెలియలేదు! ఆ మిషన్లు ఆమె చెవులనే కాదు, కూతురి గొంతును కూడా తినేశాయి.

ఆదివారం ప్రార్థన అయ్యాక యాకోబు చర్చి ముందర మీటింగు పెట్టాడు. అతను లారీలకు బండలెత్తే హమాలీ, హమాలీల సంఘం నాయకుడు. పోయిన ఏడాది పదిహేనేళ్ల కొడుకు సంతోష్‌ను పోగొట్టుకున్నాడు. నిద్ర లేదు, తిండి లేదు, బతకాలని లేదు నాయనా అంటున్న కొడుకును ఇదే తాళం ముందుకు మూడుసార్లు తీసుకుపోయాడు. నాలుగోసారి తీసుకుపోవడానికి పిల్లవాడు మిగల్లేదు.

ముందుగా ముసలి అనంతయ్య లేచాడు. "మన పిల్లలకు మెంటల్ అని మనమే డప్పు కొట్టుకుందమా? రేపు గా పిల్లను ఎవడు చేసుకుంటడు?"

"పెండ్లి ఫికర్ తర్వాత జేద్దువు మామా, ముందు పిల్ల బతకాలె గద," అంది మొగులమ్మ. దేవమ్మతో ఒకే మిషన్ మీద పనిచేసే మనిషి ఆమె.

యాకోబు అనంతయ్య వైపు తిరిగాడు. "నేను గూడ నీ లెక్కనే సిగ్గుపడ్డ మామా. ఎవ్వరికీ చెప్పలే. ఒక్కన్నే తీస్కపోయిన, ఒక్కన్నే వాపస్ వచ్చిన. ఒక్కరొక్కరం పోతున్నం గాబట్టే ఆళ్లు తాళం తీస్తలేరు. సేటు బిడ్డకు దిగులైతే కారుల పట్నం పోతది. మన పిల్లలకు సర్కారు దవాఖాననే దిక్కు. గది ఆళ్లు పెట్టే ధర్మం గాదు, మన హక్కు."

"మా మనుమనికి పదేండ్లు. పక్క తడుపుతున్నడు. బ్లాస్టింగ్ చప్పుడైతే మంచం కింద దూరుతడు. ఎవ్వరికి చెప్పాల్నో తెల్వక ఊకున్న," అన్నాడు అనంతయ్య. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. ఇంటికొక పిల్లనో పిల్లవాడినో దాచుకున్నారని ఆ రోజే అందరికీ తెలిసింది. వచ్చే బుధవారం అందరూ కలిసే పోవాలనుకున్నారు.

బుధవారం పొద్దున మిషన్లు మామూలుగానే మొదలయ్యాయి. ఎనిమిదిన్నరకు దేవమ్మ రెండు మణికట్లు నెత్తిమీద అడ్డంగా పెట్టి నిలబడింది. ఎవరి చెయ్యో మిషన్లో పడింది, అన్నీ ఆపెయ్యండి అని దాని అర్థం. ఊరికే ఆ సైగ చేస్తే పనిలోంచి తీసేస్తారు. మొగులమ్మ మిషన్ ఆపింది. పక్క షెడ్డు ఆగింది, దాని పక్క షెడ్డు ఆగింది. పదిహేనేళ్లలో మొదటిసారి పని వేళ దేవమ్మకు తన ఊపిరి చప్పుడు వినిపించింది.

సేటు ఉరుక్కుంటూ వచ్చాడు. "ఎవరి చెయ్యి పడ్డదే?"

"చెయ్యి గాదు సేటూ. నా పిల్ల."

"నీ పిల్లకు మాట రాకుంటే నా మిషన్లు బందు జేస్తవా? పోయి సర్కారునడుగు."

"అడగనీకే పోతున్నం. ఒక్కదాన్ని పోతే ఇంటలేరు. అందరం పోతున్నం."

"పోతే మళ్ల ఈ గేట్ల అడుగు వెట్టనియ్య."

ఈ పని పోతే పిల్లకు గంజి కూడా దొరకదని దేవమ్మకు తెలుసు. మొగులమ్మ చేతుల బురద కడుక్కుని వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ గేటు దాటారు. వెనక ఎంతమంది వస్తున్నారో రైల్వే స్టేషన్ చేరేదాకా దేవమ్మ తిరిగి చూడలేకపోయింది. చూస్తే ప్లాట్‌ఫారం నిండిపోయింది. అమూల్యను, మిగతా పిల్లలను యాకోబు అప్పటికే అక్కడికి తెచ్చి ఉంచాడు.

వికారాబాద్‌లో మళ్లీ అదే తాళం. జీపు దిగిన అధికారి, ఫైలు నడుస్తోంది, రెండు నెలలు ఓపిక పట్టండి అన్నాడు.

"డాక్టర్ ఏ తారీకుకు వస్తడో రాసియ్యి సారూ, పోతం," అన్నాడు యాకోబు.

"నాకు తారీకులు పెడతవా?"

"రెండు నెలలు ఆగితే ఏమైతదో నాకు తెల్సు సారూ. నా కొడుకు ఆగిండు."

అధికారి జీపెక్కాడు. పోలీసులు దిగారు. యాకోబును కాలర్ పట్టి ఈడ్చారు. అడ్డం పోయిన ఆడవాళ్లను లాఠీలతో నెట్టారు. పిల్లలను వదిలి వ్యానెక్కమంటే తల్లులు వినలేదు. పిల్లలతో సహా అరవై మంది పోలీస్ స్టేషన్ చేరారు. దేవమ్మ ఒళ్లో అమూల్య కొయ్యబారి కూర్చుంది.

ఎస్సై కాగితాలు ముందేసుకుని మొదట పిల్లనే అడిగాడు. "నీ పేరేం బిడ్డా?" అమూల్య పలకలేదు. "ఏమైంది ఈ పిల్లకు?"

"గది చెప్పెటోన్ని తెమ్మనే వచ్చినం సారూ," అంది దేవమ్మ. "డాక్టర్ రానీ. నా బిడ్డ పేరు చెప్పినంక నా పేరు రాస్కో."

ఎస్సై మొగులమ్మను అడిగాడు, ఆమె పలకలేదు. అనంతయ్యను అడిగాడు, పలకలేదు. లాఠీతో బల్ల మీద కొట్టాడు. అరవై మందిలో ఒక్కరు కూడా పేరు చెప్పలేదు. నోరు మూసుకోవడం వాళ్లకు ఏళ్ల అలవాటు. కావాలని మూసుకోవడం మాత్రం ఇదే మొదలు.

సాయంత్రానికి పైనుంచి ఫోనొచ్చింది. ఎస్సై గేటు తీయించాడు. "పేర్లు గీర్లు వద్దు, పొండి ఇగ." ఎవరూ లేవలేదు. దేవమ్మకు ఒళ్లంతా భయమే. పిల్ల మాట్లాడుతుందో లేదో తెలియదు, రేపు పని ఉంటుందో లేదో తెలియదు. అయినా లేవలేదు.

అప్పుడే ఈ సంగతి విని పక్కనున్న ధారూర్ నుంచి వచ్చిన ఒకామె కొడుకును చంకనేసుకుని గేటు దగ్గర ఆగింది. పిల్లల డాక్టర్ కోసం కూర్చున్నది ఇక్కడేనా అని అడిగింది.

"గిది పోలీస్ స్టేషన్ అమ్మా, దవాఖాన గాదు," అన్నాడు కానిస్టేబుల్.

"దవాఖానకు తాళం ఉన్నది గద సారూ," అంటూ ఆమె లోపలికి నడిచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు తల్లులు పిల్లలతో వస్తున్నారు.

దేవమ్మ జరిగి వాళ్లకు జాగా ఇచ్చింది.