తెర మూలన ఎర్ర బొమ్మ

ములకలపల్లి అవతలి తండాలో కంప్యూటర్ చదువు చదివినవాడు ఒక్కడే, జమ్లి చిన్న కొడుకు శ్రీధర్. హైదరాబాదులో ఉద్యోగం దొరికిన నాటి నుంచి అతను కన్నతల్లితో కూడా తెలుగే మాట్లాడుతున్నాడు. ఇరవై ఏళ్లు మాట్లాడిన లంబాడీ మాట ఆరు నెలల్లో నోట్లోంచి ఎటు పోయిందో ఆ సేవాలాల్ మహారాజుకే తెలియాలి. కొడుకు ఏ భాషలో అన్నం అడిగితే జమ్లి ఆ భాషలోనే పెట్టింది.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో అతను ఒక మిషను పట్టుకుని ఇంటికొచ్చాడు. బడిపిల్లల పలకంత ఉంది. మీటలు లేవు. తెర మీద వేలితో గానీ, దాంతోపాటు ఇచ్చిన ప్లాస్టిక్ పుల్లతో గానీ నొక్కితే పని చేస్తుంది.

"ఇండ్ల ఏమున్నదో ఎరుకనా వదినా?" అన్నాడు సంగీతతో. సంగీత ఆ ఇంటి పెద్ద కోడలు, సబ్‌సెంటర్‌లో కాంట్రాక్టు ఏఎన్ఎం. "పెద్ద కంప్యూటర్ల నడిచే సిస్టమే. శాన తేలికైంది. పాత డబ్బా కంప్యూటర్ల గూడ ఉరుకుతది. దాన్నే పట్టుకొచ్చి గీ చిన్నదాంట్ల ఎక్కించిన. మా ఆఫీసుల ఇంకెవ్వనితోని కాలె."

"మౌసు లేకుంట ఎట్ల నడుస్తది మరి?"

"వేలే మౌసు!"

ఆ మాట ఆ వారంలో ఇరవై సార్లయినా అన్నాడు. పక్కింటి ద్వాలికి చెప్పాడు, టీ కొట్టులో చెప్పాడు, మౌసు అంటే ఏమిటో ఎరగని తండ్రి హాతీరాంకి కూడా చెప్పాడు. తెర మీద మాత్రం లేని మౌసుకు ఉండాల్సిన బాణం గుర్తు ఉత్తపుణ్యానికి తిరుగుతూనే ఉండేది. తెరిచింది మూయాలంటే నొక్కాల్సిన ఇంటూ గుర్తు నువ్వుగింజంత. పేరు రాద్దామని గడి మీద నొక్కితే, అక్షరాల పట్టీ కింది నుంచి లేచి ఆ గడినే కప్పేసేది. సంగీతకు కంప్యూటర్ల సంగతి తెలియదు గానీ వంటింటి సంగతి తెలుసు. పోపుల డబ్బా అటక మీద పెట్టించేవాడు ఏనాడూ పొయ్యి ముందు కూర్చున్నవాడు కాడు. ఈ మిషను చూసినప్పుడల్లా ఆమెకు అలాంటి అటకే కళ్లముందు కనిపించేది.

శ్రీధర్ ఆఫీసువాళ్లు మండలంలో నలుగురు ఆశా కార్యకర్తలకు రెండు నెలల పరీక్షకని ఈ మిషన్లు ఇచ్చారు. గర్భిణుల పేర్లు, పిల్లల టీకాలు, జ్వరం వస్తే మలేరియా పరీక్షకు తీసే రక్తపూతలు అన్నీ రిజిస్టరులో కాకుండా ఇందులో ఎక్కించాలి. ఆ నలుగురిలో జమ్లి ఒకతె. తండాలోనూ, అడవిలోని మూడు గూడేల్లోనూ ఏ ఇంట్లో ఎవరికి నెల తప్పిందో అత్తకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. అక్షరాలు రాత్రిబడిలో నేర్చినవే అయినా ఆమె రిజిస్టరులో కొట్టివేత ఒక్కటి కనపడదు.

మిగతా ముగ్గురూ మిషనుతో తిప్పలు పడ్డారు, తిట్టుకున్నారు, ఏదో ఎక్కించారు. జమ్లి దగ్గర మాత్రం అది ఆగిపోయేది. పేరు సగం రాసేసరికి తెర నల్లబడేది. మళ్లీ లేవడానికి నాలుగు నిమిషాలు. లేచాక మళ్లీ మొదటి నుంచి. ఒక్కోనాడు పది సార్లు.

శ్రీధర్ శనివారాలు వచ్చి చూసేవాడు. తల్లి చేతిలోంచి మిషను లాక్కుని చకచకా నాలుగు పేర్లు రాసి చూపించేవాడు.

"చూసినవా? నేను రాస్తె ఆగుతున్నదా? నువ్వు ఏడనో ఒత్తుతున్నవమ్మా. జర మనసు పెట్టి చెయ్యి."

"ఏడ ఒత్తుతున్ననో చెప్పు బిడ్డా, ఒత్త."

"గదే గద నేను జెప్పేది. ధ్యాస ఉండాలె."

ధ్యాస లేనిదని పేరు పెట్టించుకోవాల్సిన మనిషేనా జమ్లి! మేక ఈనిన వేళ కూడా గుర్తుంచుకునే మనిషి. అయినా కొడుకు చదువు మీద గౌరవం కొద్దీ తలూపింది. ఊపిన కొద్దీ అతనికి తాను చెప్పిందే వేదమైంది.

ఎనిమిదో శనివారం సంగతి తేలిపోయింది. శ్రీధర్ పైన మేనేజరు బలరాం సార్ ఉన్నాడు. పరీక్ష ముగిశాక రిపోర్టు రాయాలట. మిషను నడపలేని కార్యకర్త స్థానంలో 'అర్హత గల' వేరే మనిషిని పెట్టమని అందులో ఉంటుందట. ఆ రిపోర్టు మీద ఏఎన్ఎంగా సంగీత సంతకం పెట్టాలట.

"అంటే అత్తను తీసేస్తరా?" అంది సంగీత.

"తీసేసుడు గాదు వదినా, మార్చుడు. అమ్మ ఎన్నొద్దులు తిరుగుతది అడివిల? ఇంటికాడ కూసుంటది మంచిగ."

జమ్లి చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. ఆ రాళ్లు ఏరే చూపు మాత్రం గింజల మీద లేదని సంగీత చూసింది. తొలిచూలు ఆడపిల్లలు "జమ్లి యాడి వస్తెనే దవాఖానాకు పోత" అని మొండికేస్తారు. యాడి అంటే అమ్మ, ఆ పిలుపు పోతే ఈ మనిషికి ఇంట్లో మంచిగా కూర్చోవడానికి ఏం మిగులుతుంది?

తర్వాత బుధవారం పొద్దున జమ్లి రొట్టెలు చేస్తుండగా అవతలి గూడెం నుంచి జంపయ్య వచ్చాడు. తన కోడలికి రాత్రి నుంచి జ్వరమట. జమ్లి పిండి చేతుల్ని కొంగుకు తుడుచుకుని, మిషను ఒళ్లో పెట్టుకుని, పుల్లతో పేరు ఎక్కించబోయింది. రెండో అక్షరానికే తెర నల్లబడింది. నిట్టూర్చి దాన్ని సంగీతకిచ్చి, రక్తపూత సామాను సంచిలో వేసుకుని జంపయ్య వెంట వెళ్లిపోయింది.

సంగీత తెర తుడుద్దామని కొంగు తీసి ఆగిపోయింది. తెర కింద, కుడి మూలన, జొన్నపిండి గుర్తులు. నెలవంకల్లా వంపు తిరిగి, పక్కపక్కనే నాలుగు. వేలిముద్రలు కావవి, గాజుల అంచులు. జమ్లి రెండు చేతులకీ మణికట్టు నుంచి మోచేతి దాకా, మోచేతి మీద నుంచి భుజం దాకా తెల్ల గాజులు. పెళ్లినాడు ఎక్కినవి. పెనిమిటి ఉన్నంత కాలం లంబాడీ ఇల్లాలు వాటిని తీయదు.

మిషను మళ్లీ వెలిగాక ఆ మూలన ఏముందో చూసింది. గడియారం పక్కన చిన్న ఎర్ర బొమ్మ. పుల్లతో తాకింది. మిషను ఆరిపోయింది. మెత్తటి చెయ్యి ఆనితే చలించని తెరకు గట్టి గాజు అంచు ఆనడం పుల్లతో నొక్కినట్టే, మిగతా ముగ్గురి చేతులకూ ఇలాంటి గాజులు లేవు.

సంగీతకు మొదట నవ్వొచ్చింది, వెనకే ఒళ్లు మండింది. పుల్ల పట్టుకుని రాసే మనిషి చెయ్యి తెర మీద ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడే పెట్టాడు ఆర్పే బొమ్మ!

శనివారం శ్రీధర్‌కి చూపించింది. అతను పుల్లతో తాకి ఆర్పి చూశాడు.

"పెద్ద కంప్యూటర్ల అది ఆడనే ఉంటది వదినా. అద్దం మీద ఎవ్వరు చెయ్యి ఆనియ్యరు గద, మౌసుతోని పోతరు."

"ఆర్పాల్నా వద్దా అని అడగద్దా?"

"అడుగుతుండె. ఆ అడిగే డబ్బా గీ చిన్న తెరల పట్టలె, సగం బయటికి పోయింది. గందుకే తీసేసిన."

ఆ ముక్క అనడానికి అతనికి సిగ్గు కూడా కలగలేదు. పైగా మొహం వెలిగింది. లోపం తనది కాదనడానికి దారి దొరికింది మరి.

"అయితె సింపులే. అమ్మ గాజులు తీసి రాస్తె అయిపాయె."

వాకిట్లో నులక బిగిస్తున్న హాతీరాం చెయ్యి ఆగింది. జమ్లి కొడుకు మొహంలోకి చూసింది.

"మీ నాయిన ఇంక బతికే ఉన్నడు గదరా," అంది.

శ్రీధర్ నాలిక్కరుచుకున్నాడు. కానీ రిపోర్టు అప్పటికే సార్‌కి పోయిందట, ఇక తన చేతుల్లో ఏమీ లేదట. ఆర్పే బొమ్మ పెట్టడానికి ఉన్న చేతులు తీయడానికి లేకుండా పోయాయి.

గురువారం ములకలపల్లి దవాఖానాలో మీటింగు. మధ్యాహ్నం జిల్లా నుంచి పెద్ద డాక్టరమ్మ వస్తుంది. ఆలోగా సంతకాలు చేయించుకోవాలని బలరాం సార్ శ్రీధర్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బిళ్ల, నోట్లో యూజరు, ఫీల్డు, డేటా. సంగీత సంతకం పెట్టనంది. గాజుల సంగతి చెప్పింది.

"గాజులా?" ఆయన నవ్వాడు. "ఇంత చిన్న విషయమా! తీసి పక్కన పెట్టమనండి. గంట సేపే కదా. డ్యూటీలో నగలెందుకమ్మా?"

జమ్లి గోడ వారన నిలబడి ఉంది. సంగీతే సంచిలోంచి కొత్త తెల్ల ప్లాస్టిక్ గాజుల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. అంగట్లో సక్రి కొట్టులో కొన్నది.

"మీరు ఏస్కొని ఒక్క పేరు రాయండి సార్. నడిస్తె సంతకం పెడత."

నలుగురు ఆశాలూ చూస్తున్నారు. కాదంటే చులకన. పెద్దమనసు చూపించుకుందామని బలరాం సార్ నవ్వుతూ కుడిచెయ్యి చాచాడు. జమ్లి ముందుకొచ్చింది. ఎంతమంది పెళ్లికూతుళ్లకు ఎక్కించిన చెయ్యి! సబ్బునీళ్లు రాసి, వేళ్లు ముడిచి, కణుపులు నొక్కి, "ఓర్సుకో సారూ" అంటూ పన్నెండు గాజులు ఎక్కించింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన 'పుల్లమ్మ' అని రాయబోయాడు. 'పు' అయింది, తెర నల్లబడింది. నాలుగు నిమిషాలు. మళ్లీ రాశాడు. 'పుల్ల' దాకా వచ్చి నల్లబడింది. మూడోసారి చెయ్యి గాల్లో ఎత్తిపట్టి, కొంగలా మెడ సాచి, పేరు పూర్తి చేసి "చూశారా!" అంటూ చెయ్యి దించాడు. తెర నల్లబడింది.

"పేరు దాసుకోక ముందే పాయె," అంది ఒక ఆశా. మిగతా ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"సరే, సరే. తీసేయండి ఇవి."

జమ్లి సబ్బు రాసింది, నూనె రాసింది, లాగింది. కణుపులు వాచి ఎర్రగా ఉబ్బాయి. మొదటి గాజే కదల్లేదు.

"ఎక్కినంత జల్దీ దిగవు సారూ. వాపు తగ్గాలె. రేపటికి గని రావు."

"రేపా! పెద్ద మేడం వస్తోందమ్మా! కత్తెర తెండి, కోసేయండి!"

"అయ్యో, గట్ల అనొద్దు సారూ," అంది జమ్లి. వెటకారం లేదామె గొంతులో, నిజంగానే భయపడింది. "ఒంటి మీదున్నయి కొయ్యద్దు. మీ ఇంటామె మంచిగుండాలె."

"గంట సేపే గద సార్," అంది సంగీత. ఆమె గొంతులో మాత్రం ఉన్నదంతా వెటకారమే.

బయట జీపు ఆగింది.

పెద్ద డాక్టరమ్మ ముందు బలరాం సార్ కుడిచేతిని ఫైలు కింద దాచి, ఎడమచేత్తో మిషను చూపించబోయాడు. పుల్ల రెండుసార్లు జారి పడింది. "కుడిచేతికి ఏమైంది?" అందావిడ. చెయ్యి బయటికి తీయక తప్పలేదు. పన్నెండు తెల్ల గాజులూ గలగలమన్నాయి. డాక్టరమ్మ గాజుల్ని చూసింది, గోడ వారనున్న జమ్లి చేతుల్ని చూసింది. "రాయండి," అంది. ఆయన రాశాడు. తెర నల్లబడింది.

"ఆ బటన్ అక్కడెందుకు పెట్టారు?"

బలరాం సార్ శ్రీధర్ వైపు చూశాడు. తప్పు పైనుంచి కిందికి జారడానికి క్షణం పట్టలేదు.

"పెద్ద కంప్యూటర్‌లో అక్కడే ఉంటుంది మేడం," అన్నాడు శ్రీధర్.

"ఇది పెద్ద కంప్యూటరా?"

శ్రీధర్ మిషను తన వైపు తిప్పుకున్నాడు.

"మార్చడానికి ఎంతసేపు?"

"ఒక ఫైల్లో ఒక లైను మేడం. పది నిమిషాలు."

"పది నిమిషాల పనికి ఈ మనిషిని మార్చమని రాశారు." ఆవిడ రిపోర్టు మూసి పక్కకు తోసింది. "బటన్ మార్చండి. ఆమె ఉంటుంది."

బలరాం సార్ సాయంత్రం కారెక్కేటప్పుడు చొక్కా చెయ్యి పిడికిలి దాకా లాక్కున్నాడు. గుండీ పట్టలేదు.

శ్రీధర్ ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని పని ముగించాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎర్ర బొమ్మ లోపలి పేజీలోకి పోయింది. జమ్లి గాజుల చెయ్యి ఆనించి జంపయ్య కోడలి పేరు రాసింది. పేరు పూర్తయింది. రక్తపూత సంఖ్య కూడా వేసింది. ఇంకెవరి పేరు రాయనా అన్నట్టు చూసింది.

కొత్త రిపోర్టు కూడా సిద్ధమైంది. 'లోతైన క్షేత్ర పరిశీలనతో సంస్థ లోపాన్ని గుర్తించింది' అని ఉందట. శ్రీధర్ దాన్ని వదిన ముందు పెట్టి కలం ఇచ్చాడు.

"పెడత," అంది సంగీత. "మొన్నటిది తే ముందుగాల. అత్తకు చదివి చెప్పు."

"అదెందుకు వదినా ఇప్పుడు? అయిపోయింది గద."

"నీకు అయిపోయింది."

పాత కాగితం తీశాడు. ఇంగ్లీషులో గబగబా చదివాడు. జమ్లి వింటూ కూర్చుంది. తెలుగులో చెప్పాడు: "ఆపరేటరు అజాగ్రత్త వలన అని ఉన్నదమ్మా."

"ఆపరేటరు ఎవలు?"

శ్రీధర్ కాగితం మడవబోయాడు. జమ్లి మిషను పక్కన పెట్టింది. చాలా నెలల తర్వాత కొడుకుతో తమ మాటలో, లంబాడీలో, అడిగింది. "మన మాటల చెప్పు బిడ్డా. నాకు తెలుగు గింత తెల్వది."

తెలుగు ఆమెకు తెలియకపోవడమేమిటి! హాతీరాం తల పక్కకు తిప్పుకున్నాడు.

శ్రీధర్ రెండుసార్లు మొదలుపెట్టి ఆగాడు. చివరికి లంబాడీలోనే వచ్చింది, చిన్నగా, బడి ఎగ్గొట్టి దొరికినవాడి గొంతుతో.

"యాడీ, తప్పు నీదని రాసిన."

"చేసినోని పేరు ఏడ రాసినవ్?"

"చేసినోని పేరు రిపోర్టుల ఉండదు యాడీ."

"గందుకే గట్ల రాసినవ్," అంది జమ్లి. కాగితం అతని చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. పొయ్యిలో పెడుతుందేమో అనుకుంది సంగీత. పెట్టలేదు. రవికలో దోపుకుని, రక్తపూత సంచి భుజాన వేసుకుని, జంపయ్య కోడలికి జ్వరం దిగిందో లేదో చూడడానికి గూడెం దారి పట్టింది.

సంగీత కొత్త రిపోర్టులో 'సంస్థ' అన్న చోట కొట్టేసి, పైన 'కార్యకర్త జమ్లి' అని రాసి, సంతకం పెట్టింది.