టేపు లేని ఇన్‌స్పెక్టరు

తనిఖీకి మనిషి వస్తున్నారని కబురు అందిన నాటి నుంచి టీచరమ్మకు తిండి సయించలేదు, కంటికి కునుకు లేదు. ఊళ్ళో ఉన్నది ఒక్క గది బడి. ఇంకా పెద్ద బడికి వెళ్ళే ఈడు రాని పిల్లలంతా పొద్దున్నే పిచ్చుకల్లా అక్కడ వచ్చి వాలతారు. వాళ్ళను చూసుకునే తీరూ, వాళ్ళకు చదువు చెప్పే తీరూ బాగాలేవని తేలితే బడికి తాళం వేసి, పిల్లల్ని రోజూ వ్యానులో పట్నం బడికి పంపిస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పేశారు. తల్లి కొంగు వదలడానికే సగం పొద్దు పట్టే పసికూనలు కళ్ళు నులుముకుంటూ వ్యానెక్కి పట్నం పోవడమా! 

వాళ్ళింట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆమే. ఏ పరీక్ష వచ్చినా గట్టెక్కడానికి ఆమెకు తెలిసిన దారి ఒక్కటే, బట్టీ పట్టడం. ఈ పరీక్షకూ అదే పని చేసింది. తనిఖీకి వచ్చినవాళ్ళు ఎప్పుడూ అడిగేవే నాలుగు ప్రశ్నలు ఎంచుకుని, జవాబులు పిల్లల చేత వల్లె వేయించింది. కొత్త మనిషిని చూసి పిల్లలు బెదిరిపోతారేమోనన్న భయంతో, ఇన్‌స్పెక్టరు వేషం కట్టడానికి తన బాబాయిని పిలుచుకొచ్చింది.

బాబాయి దర్జీ. ఎవరో కుట్టించుకుని, మళ్ళీ ఆ వైపు చూడని కోటొకటి దుకాణంలో వేలాడుతుంటే అది తొడుక్కుని వచ్చాడు. కోటు ఆయన మోకాళ్ళు దాటింది. ప్రశ్నలు అడగడం బాగానే అడిగాడు గానీ, అవి అయిపోయాక ఇన్‌స్పెక్టరన్నవాడు ఇంకేం చేస్తాడో ఆయనకు తోచలేదు. చేతులు ఊరుకోలేదు. అలవాటు కొద్దీ మెడలోని టేపు లాగి, ఎదురుగా ఉన్న పిల్లవాడి భుజాలు కొలిచేశాడు.

"భుజం దగ్గర కాస్త వదులు పెట్టాలి," అన్నాడు గంభీరంగా.

పిల్లలు పడీపడీ నవ్వారు. నాకూ కొలువు, నాకూ కొలువు అని మీద పడిపోయారు. ఆ తరువాత ఎన్నిసార్లు తర్ఫీదు జరిగినా చివర్లో కొలతలు తీయందే వాళ్ళు ఆయన్ను వదల్లేదు. దాంతో ఇన్‌స్పెక్టరంటే బట్టతల, కోటు, మెడలో టేపు అని వాళ్ళ బుర్రల్లో ముద్ర పడిపోయింది. టీచరమ్మ ఆ సంగతి గమనించలేదు. జవాబులు తడబడకుండా వస్తున్నాయి కదా అని మురిసిపోతూ ఉండిపోయింది.

అసలు రోజు రానే వచ్చింది. జీపు ఆగింది. పొడుగ్గా, సన్నగా, కళ్ళజోడు సవరించుకుంటూ ఒక మేడం దిగి గుమ్మంలోకి వచ్చింది.

"పిల్లలూ, ఇన్‌స్పెక్టరు వచ్చారు," అంది టీచరమ్మ.

అంతే! పిల్లలందరూ బిలబిలా లేచి, వరసలో నిలబడి, రెండు చేతులూ బారలు చాచి, పొలంలో గడ్డిబొమ్మల్లా బిగుసుకుపోయారు.

మేడం ఒక్క అడుగు వెనక్కి వేసింది. "ఏమిటిది? వ్యాయామమా?"

ముందు వరసలో చిటపట ఉంది. ఆ పిల్ల నోరు తెరిస్తే పెనం మీద నీళ్ళు చల్లినట్టే ఉంటుందని అందరూ అలాగే పిలుస్తారు. "కొలవవేం? చేతులు నొప్పెడుతున్నాయి," అంది.

"ఏం కొలవాలమ్మా?"

"మమ్మల్ని! నీ టేపేదీ?"

"నా దగ్గర టేపు లేదే."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చాచిన చేతులు దిగిపోయాయి. చిటపట తీర్పు చెప్పేసింది. "అయితే నువ్వు ఇన్‌స్పెక్టరువి కావు."

టీచరమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చింది. "ప్రశ్నలు అడగండి మేడం, చక్కగా చెబుతారు," అంది గబగబా.

"సరే. ఆకాశం ఏ రంగు?"

"ఏడు!" కప్పు ఎగిరిపోయేలా అరిచారందరూ.

మేడం కనుబొమలు పైకి లేచాయి. "ఆవు మనకేమిస్తుంది?"

"నీలం!"

"పోనీ, వారానికి ఎన్ని రోజులు?"

"పాలు!"

జవాబులన్నీ సరైనవే. తర్ఫీదులో వచ్చిన వరసలోనే వచ్చాయి. మేడమే వరస తప్పి అడిగింది. మూలన పాలగ్లాసులు కడుగుతున్న ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. టీచరమ్మకు కళ్ళ ముందు వ్యాను తలుపు తెరుచుకున్నట్టే కనిపించింది.

ఇంతలో మేడం కళ్ళజోడు తీసి, దారి దుమ్ముకు మండుతున్న కళ్ళను చేతిగుడ్డతో ఒత్తుకుంది. ఆ ఒత్తుకోవడం గుండ్రాయి చూశాడు. వాడు బడిలో అందరికంటే బొద్దుగా, అందరికంటే నిదానంగా ఉంటాడు.

"ఏడుస్తోంది," అన్నాడు మెల్లగా. "కొత్త పిల్ల."

ఇక చూడాలి వాళ్ళ హడావుడి! కొత్త పిల్ల వస్తే ఏం చేయాలో ఆ బడిలో పాకే పాపకు కూడా తెలుసు. ఒకడు మేడం చేతిసంచీ లాక్కుపోయి, గోడకున్న కొక్కేల్లో తాబేలు బొమ్మ ఉన్నదానికి తగిలించాడు. "నీది తాబేలు. మర్చిపోకు. కప్ప నాది, ముట్టుకోవద్దు," అని గట్టిగా చెప్పాడు. ఇద్దరు చెరో చేయీ పట్టుకుని చాప మీద కూర్చోబెట్టారు. ఒకత్తి మంచినీళ్ళు తెచ్చి, సగం దారిలో ఒలకబోసి, మిగతా సగం ఇచ్చింది. చిటపట మేడం చెవిలో, "ఒంటికి వస్తే ఆపుకోకు, ఆయమ్మకు చెప్పు, తిట్టదు," అంది.

"అది కాదర్రా, ఆవిడ..." అంటూ టీచరమ్మ అడ్డం రాబోయింది. మేడం చేయెత్తి ఆపింది. ఆ ఆపడం మంచికో చెడుకో తెలియక టీచరమ్మ అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయింది.

గుండ్రాయి వచ్చి మేడం మోకాలికి తన మోకాలు ఆనించి కూర్చున్నాడు. 

"నువ్వెందుకు కూర్చున్నావురా?" అడిగింది మేడం.

"నీకు అయిపోయేదాకా."

"ఏం అయిపోయేదాకా?"

"ఏడుపు. తొందరేం లేదు. నాకైతే చాలాసేపు పట్టింది."

మేడం పెదవి అదిరింది. నవ్వో మరొకటో తేలేలోపు చిటపట కేక పెట్టింది. "అదుగో! ఇన్‌స్పెక్టరు!"

కిటికీలో బట్టతల కనిపించింది. అమ్మాయి పరీక్ష ఎలా సాగుతోందో చూడకుండా ఉండలేక, కొలతలు తీస్తున్న బట్ట సగంలో వదిలేసి బాబాయి పరుగెత్తుకొచ్చాడు. టేపు మెడలోనే ఉంది. పిల్లలు బయటికి దూకి, ఆయన్ను ఈడ్చుకొచ్చి గది మధ్యలో నిలబెట్టారు.

"తమరెవరు?" అంది మేడం చాప మీద నుంచే.

"నేనూ..." బాబాయి టీచరమ్మ వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు. "నేనూ తమరేనండీ."

ఆయమ్మ చేతిలోంచి గ్లాసు జారి ఖంగుమంది. టీచరమ్మకు ఇక దాచడానికేమీ మిగల్లేదు. "మా బాబాయండీ, దర్జీ. తమరొస్తే పిల్లలు భయపడకూడదని ఆయన చేత వేషం కట్టించాను. జవాబులూ నేనే బట్టీ పట్టించాను," అని ఒక్క ఊపిరిలో కక్కేసింది.

"బట్టీ పట్టించిన సంగతి ఆకాశమే చెప్పింది," అంది మేడం. "ఇప్పుడు బట్టీ పట్టించనిది ఏదైనా చెప్పండి, చూస్తాను."

టీచరమ్మ గది నలుమూలలా చూసింది. పిల్లలు మాత్రం టేపు, టేపు అని గెంతుతున్నారు. ఏమైతే అదయిందని ఆమె బాబాయి మెడలోంచి టేపు లాగింది. "సరే చెప్పండి. మన బల్ల పొడుగా, ఈ కొత్త పిల్ల పొడుగా?"

"బల్ల!" "పిల్ల!" "బల్లకు కాళ్ళెక్కువ!" గది రెండు జట్లయింది. మేడం లేచి నిలబడితే ఎవరికీ తల అందలేదు. చిటపట చాపను తట్టింది. "పడుకో."

మేడం నిజంగానే పడుకుంది. తల దగ్గర ఒకడు టేపు పట్టాడు, పాదాల దగ్గర ఒకత్తి పట్టింది, మధ్యలో కడుపు మీదుగా పోతుంటే మేడంకు చక్కిలిగిలి పుట్టింది. టేపు మీద అంకెలు చదవడం రానివాళ్ళు జానలు వేశారు. గుండ్రాయి జానకూ చిటపట జానకూ లెక్క కుదరక పోట్లాట వచ్చింది. "ఇద్దరూ కొలిచింది ఒకే మనిషిని కదా, లెక్కలు ఎందుకు కలవలేదు?" అని టీచరమ్మ అడిగింది. ఇద్దరూ అరచేతులు ఆనించి చూసుకున్నారు. గుండ్రాయి అరచెయ్యి అప్పడమంత ఉంది. "నా చెయ్యి పెద్దది! అందుకే నాకు తక్కువొచ్చాయి!" అని వాడు ఎప్పుడూ లేనిది ఎగిరి గంతేశాడు.

చివరికి బల్లే కాస్త పొడుగని తేలింది. మేడం ఓడిపోయినందుకు పిల్లలు ఆమెను ఓదార్చారు. ఆమె చాప మీద దొర్లి దొర్లి, కళ్ళజోడు ఎక్కడ పడిందో తెలియనంతగా నవ్వింది.

అయితే బడి ఉంటుందో ఊడుతుందో ఆమె ఇంకా చెప్పలేదు. లేచి, చీర దులుపుకుని, తాబేలు కొక్కెం దగ్గర సంచీ తీసుకుని గుమ్మం వైపు నడిచింది. టీచరమ్మ గుండె గుప్పెట్లో పెట్టుకుని వెనకాలే వెళ్ళింది.

గుమ్మంలో చిటపట అడ్డంగా నిలబడి ఉంది. "ఎక్కడికి?"

"ఇంటికమ్మా."

"మీవాళ్ళు వచ్చారా?"

"నేనే వెళ్తాను."

"కుదరదు. మనవాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకోవాలి. అప్పుడే వెళ్ళాలి."

టీచరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. "తప్పుకోవే తల్లీ! నేను చెబుతున్నాగా, వదిలెయ్!"

చిటపట నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు చెప్పినా వదలొద్దని నువ్వే చెప్పావుగా టీచర్!"

మేడం గిర్రున తిరిగింది. "అలా చెప్పారా మీరు?"

"చెప్పానండీ," అంది టీచరమ్మ నేల చూస్తూ. "ఎవరో వచ్చి టీచరు పంపిందంటే నమ్మి పోతారేమోనని. నా మాట కన్నా వాళ్ళ కళ్ళతో చూసిందే గట్టిదని నేర్పాను."

మేడం చిటపటను చూసింది. సంచీ దించి గుమ్మంలోనే చతికిలబడింది. "మరి వ్యాను డ్రైవరు వస్తే వీళ్ళను ఎలా తీసుకుపోతాడండీ? ఈవిడ ఒప్పుకోవద్దూ?" అని మళ్ళీ నవ్వు మొదలుపెట్టింది. "తాళం లేదు, వ్యానూ లేదు. బడి ఇక్కడే ఉంటుంది, నేను చెబుతాను పైవాళ్ళకు. ఆ బట్టీ మాత్రం మానండి తల్లీ, పాపం ఆకాశం!"

ఆయమ్మ ఈలేసింది. ఆవిడకు ఈల వచ్చని ఆ క్షణం దాకా ఎవరికీ తెలియదు. బాబాయి దొరికిన పిల్లనల్లా ఎత్తి గిరగిరా తిప్పాడు. టీచరమ్మ గోడకు ఆనుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియకుండా నిలబడింది. గుండ్రాయి నిదానంగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

జీపు డ్రైవరును లోపలికి పిలిపించారు. మీసాల మనిషి, టోపీ చేత్తో పట్టుకుని బిక్కుబిక్కుమంటూ వచ్చాడు.

"ఈమె నీకేమవుతుంది?" అంది చిటపట.

"మా... మా మేడం అండీ."

చిటపట మేడం వైపు తిరిగింది. "ఈయన మీవాళ్ళేనా? బాగా చూసి చెప్పు."

మేడం బాగా చూసింది. "మావాళ్ళే."

"అయితే చెయ్యి పట్టుకో."

డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. మేడం తనే చెయ్యి చాచింది. ఇద్దరూ చేతులు ఊపుకుంటూ జీపు దాకా నడిచారు. వాళ్ళు ఎక్కి తలుపు వేసుకునేదాకా చూసి, చిటపట గుమ్మంలోంచి తప్పుకుంది.