ప్రాక్టీసుకి దొరికిన అమ్మ

ఆసుపత్రి రికార్డుల కంప్యూటర్ కోర్సులో ఆమె ఇప్పటికే ఒకసారి తప్పింది. రేపటి పరీక్ష కూడా పోతే ఇంటికి పంపేస్తారు. ప్రాక్టీసు కోసం ఇచ్చిన కల్పిత రోగుల పేర్లు ఎంత రుద్దినా బుర్రకెక్కవు. అందుకని ప్రాక్టీసు తెర మీద అమ్మ పేరే పెట్టుకుని, ఒకరోజు కాలు విరగ్గొట్టేది, ఒకరోజు కామెర్లు తెప్పించేది. అమ్మ వింటే పడీపడీ నవ్వేది. "నా మీదే నేర్చుకోవే, నా సొమ్మేం పోయింది!"

ఈ ఉదయం ఆసుపత్రి పై అంతస్తులోని శిక్షణ గదిలో కూర్చుని, ఆఖరి పాఠం ప్రకారం అమ్మ రికార్డులో "మరణించారు" అని నొక్కింది. నొక్కాక చూసింది తెర అంచు. ప్రాక్టీసు తెరకి పచ్చ అంచు ఉంటుంది. ఇది ఎర్రగా ఉంది. ఇది అసలు తెర. కింద అంతస్తులో డయాలసిస్‌కి వచ్చే అమ్మ అసలు రికార్డు.

వెనక్కి తీయబోతే "మీకు అనుమతి లేదు" అంది తెర. ఏం చోద్యమో, చంపడానికి నేర్చుకునేవాళ్ళకీ అనుమతి ఉంది, బతికించడానికి మాత్రం రికార్డుల విభాగం పెద్ద సారే రావాలి. ఆయనేమో ఫోనెత్తడు. ఆమె మెట్ల వైపు పరుగెత్తింది. సగం దిగేసరికి అమ్మ ఫోను.

"ఏమే, నా మంచం ఇంకెవరికో ఇచ్చేశారు. ఎదురుగా నిలబడ్డానయ్యా అంటే కంప్యూటర్ చూపించి నేను లేనంటున్నారు. నువ్వు చదివేది ఇదేగా? కాస్త వచ్చి, నేనున్నానని చెప్పవే."