ఉప్పెక్కువైందని చెప్పలేదు

ఆ ఊళ్ళో కొత్తగా దిగినవాళ్ళెవరైనా "ఇక్కడ మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగితే జనం హోటలు పేరు చెప్పేవారు కాదు. "నాలుకాయన్ని అడగండి" అనేవారు. నాలుకాయన అసలు ఉద్యోగం ఊరి పత్రికలో ప్రూఫులు దిద్దడం. అయితే ఆదివారంనాడు ఒక మూల ఆయన హోటళ్ళ గురించి రాసే ముక్క కోసమే సగంమంది పత్రిక కొనేవారు. ఏడాదికోసారి ఆ ముక్కలన్నీ ఏరి, కొత్తవి చేర్చి, జేబులో పట్టేంత పుస్తకంగా వేసేవారు. రైలు దిగినవాళ్ళూ, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ చుట్టాలూ, సరుకు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళూ ఆ పుస్తకం పట్టుకుని వీధులు వెతుక్కునేవారు. పొద్దునపూట ఆమ్లెట్లు ఎవరు బాగా వేస్తారో, ఎక్కడి సూప్ మధ్యాహ్నం దాటితే ముట్టుకోకూడదో, రొట్టె వేడిగా దొరకాలంటే ఏ బల్ల దగ్గర కూర్చోవాలో, అన్నీ అందులో ఉండేవి. లేనిదల్లా వాళ్ళక్క హోటలొక్కటే.

అక్క హోటలు బస్టాండు వెనక సందులో ఉండేది. నాలుగు బల్లలు, గోడకి ఒక అద్దం, వంటింటికీ ముందుగదికీ మధ్య మోచెయ్యి ఆన్చుకునేంత కిటికీ. వంట అక్కది, గల్లాపెట్టె బావది. అక్క చేసే చేపల కూర కోసం డ్రైవర్లు బస్సు ఆలస్యం చేసిన రోజులున్నాయి. కానీ పత్రిక ఎడిటరు గట్టి మనిషి. "రాసేవాడి చుట్టాల కొట్టు గురించి ఒక్క అక్షరం పడిందంటే మిగతాదంతా జనం నమ్మరయ్యా" అని మొదటిరోజే తేల్చి చెప్పాడు. నాలుకాయనకీ ఆ మాట సబబుగానే తోచింది.

అక్క దాన్ని నవ్వులాట కిందే తీసుకుంది. "ఊరందరి వంటా మెచ్చుకుంటాడు, నా దగ్గర మాత్రం కంచం నాకేసి మూతి తుడుచుకుని పోతాడు. వీడే నా తమ్ముడు" అని వచ్చినవాళ్ళకి పరిచయం చేసేది. గల్లాపెట్టె వెనకనుంచి బావ, "ఎప్పటికో అప్పటికి రాస్తాడులేవే" అనేవాడు.

బావ పోయాడు. ఆ ఏడాదే అక్కకి పెద్ద జ్వరం తగిలింది. చాలాకాలం మంచం దిగలేదు. దిగిన తర్వాత, వద్దన్నా వినకుండా మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఆ రోజు అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నవాడు నాలుకాయనే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. కూర ఉప్పు కషాయంలా ఉంది.

కిటికీలోంచి అక్క చూస్తోంది.

"ఎలా ఉందిరా?"

"బాగుందక్కా."

"ఒంట్లో ఓపిక లేదు కదా, ఎలా కుదిరిందో ఏమో అనుకున్నా."

"ఎప్పట్లాగే ఉంది" అన్నాడు.

జ్వరం నీరసం వల్ల అలా అయి ఉంటుందిలే అనుకున్నాడు. తర్వాత ఇంకోసారి వెళితే కూరలో పులుపే లేదు. మరోసారి మాడువాసన ఆయనకి సందు మొదట్లోనే తెలిసింది, పొయ్యి ముందే నిలబడ్డ అక్కకి తెలియలేదు. "మీ బావ పోయాక నాకేం తిన్నా గడ్డి నమిలినట్టే ఉందిరా. ఆయన బెంగ" అంది అక్క ఏదో మాటల్లో. అప్పుడు ఆయనకి అర్థమైంది. అది బెంగ కాదు. జ్వరం అక్క నోటినీ ముక్కునీ పట్టుకుపోయింది. ఆవిడ ఒట్టి చేతి అలవాటు మీద వండుతోంది, ఆ చెయ్యేమో గురి తప్పింది.

ఈ సంగతి రోజూ వచ్చేవాళ్ళకీ తెలుసు. పక్కనే సెలూన్ నడిపే అతను ముద్దముద్దకీ మంచినీళ్ళు తాగేవాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఇంకాస్త ఉత్త అన్నం పెట్టించుకుని కూరని పలచన చేసుకునేవారు. ఎవరూ నోరెత్తలేదు. ఆవిడకి ఇప్పుడు మిగిలిందల్లా ఆ పొయ్యే కదా అని ఎవరికి వాళ్ళే సర్దుకుపోయారు. కొత్త మొహాలు మాత్రం ఒక్కసారి వచ్చి మళ్ళీ వచ్చేవి కావు.

"మీరు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారండీ?" అని నాలుకాయన భార్య పోరుపెట్టింది.

"నువ్వే చెప్పరాదూ?"

"ఆడపడుచుకి నేను చెప్తే దానికి వేరే అర్థాలొస్తాయి. మీరైతే తోడబుట్టినవాళ్ళు."

"సరే, చూద్దాంలే."

ఆ చూద్దాం చూద్దాంతోనే కాలం గడిచిపోయింది. పాత ఎడిటరు రిటైరయ్యాడు. ఆయన స్థానంలో వచ్చినావిడ చిన్న వయసుది, మహా చురుకు. పుస్తకం పని మొదలుకాగానే నాలుకాయన్ని పిలిచింది.

"బస్టాండు వెనక చేపల కూర గురించి మా నాన్నగారు ఇప్పటికీ చెప్తుంటారు. అది లేకుండా ఈ ఊరి హోటళ్ళ పుస్తకమేంటండీ?"

"అది మా అక్కది మేడమ్."

"తెలుసు. రాసినాయనకి సొంత అక్క అని కిందే వేసేద్దాం. దాపరికం లేనప్పుడు తప్పేముంది?"

"ఈ ఏడాదికి వద్దండి."

ఆవిడ నవ్వింది. "మీరు మొహమాటపడతారనే నేనే ఫోన్ చేసి ఆవిడకి చెప్పేశాను. ఎంత సంబరపడ్డారో! రేపు ఫొటో తీయడానికి మనిషిని పంపిస్తున్నా."

నాలుకాయన ఆ సాయంత్రం అక్కకి ఉన్నమాట చెప్పేయాలనే వెళ్ళాడు. దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. తీరా వెళితే హోటలు గోడలకి వెల్ల వేసి ఉంది. అద్దం తళతళలాడుతోంది. అక్క ఒక కుర్చీ ఎక్కి పైనున్న బల్బు తుడుస్తోంది.

"వచ్చావా? ఈ కుర్చీ పట్టుకో, ఊగుతోంది" అంది. ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచే అక్క, "మీ బావ ఉంటే బాగుండేదిరా. నువ్వు రాస్తావని ఆయనంటుంటే నేనే కొట్టిపారేసేదాన్ని" అంది. కుర్చీ దిగి, మొహం కనబడకుండా గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కూడబలుక్కున్న మాటలు కూడబలుక్కున్నట్టే ఆయన వెంట ఇంటికి తిరిగొచ్చాయి.

అక్క హోటలు గురించి రాయాల్సింది నాలుగు వాక్యాలే. ఎప్పుడూ ఒక్క కూర్చోడంలో అయిపోయే ముక్కకి ఈసారి పొద్దంతా పట్టింది. జ్వరానికి ముందు అక్క చేసిన కూరని తలుచుకుని, ఆ కూర గురించి రాశాడు. పులుసు చిక్కదనం, ముక్క విరగకుండా ఉడికిన తీరు, తిన్న తర్వాత కూడా వేళ్ళకి అంటుకుని ఉండే వాసన. రైలుకి వేళ మించిపోతున్నా సరే, ఇది తినే వెళ్ళమన్నాడు. అందులో ఒక్క మాటా కల్పించింది కాదు. కాకపోతే ఆ కూర ఇప్పుడు ఎక్కడా దొరకదు.

పుస్తకం వచ్చింది. సందులో జనం నిలబడి ఎదురుచూడడం మొదలైంది. అక్క నడకే మారిపోయింది. ఆ పేజీ చింపి అద్దం పక్కన అంటించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుకాయన మూల బల్ల దగ్గర కూర్చుని ఉండగా వేరే ఊరునుంచి ముగ్గురు వచ్చారు. భార్యాభర్తలు, అతని తల్లి. కాసేపటికి ముసలావిడ కంచం పక్కకి జరిపింది. కొడుకు చేతిలో పుస్తకం తిరగేసి చూసి, తల తిప్పి బోర్డు చూసి, మళ్ళీ పుస్తకం చూశాడు.

కోడలు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఆంటీ, ఏమీ అనుకోకండి. కూర తినలేకపోతున్నాం. ఉప్పు బాగా ఎక్కువైంది."

"ఉప్పా? ఎప్పుడూ వేసేంతే వేశానమ్మా."

"అబద్ధమెందుకు చెప్తానాంటీ? మా అత్తగారికి అసలే బీపీ."

అక్క గరిటెతో కొంచెం తీసుకుని నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. ఆవిడ మొహంలో ఏ మార్పూ రాలేదు. అప్పుడు పక్క బల్ల దగ్గర తింటున్న సెలూనతని వైపు తిరిగింది.

"నువ్వు రోజూ తింటావు కదా. నువ్వు చెప్పు."

అతను మంచినీళ్ళ గ్లాసు వైపు చూస్తూ, "అక్కయ్యా, అది... ఒక్కోసారి హడావిడిలో..." అని నసిగాడు.

"ఎక్కువైందా లేదా?"

"కొంచెం."

"ఇవాళేనా?"

అతను తలెత్తలేదు. మాస్టారు ఎంగిలిచేత్తోనే గోడ వైపు తిరిగారు. అక్క ఇక ఎవర్నీ అడగలేదు. మూల బల్ల వైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఆ ముగ్గురి కంచాలూ తీసేసి, రొట్టే ఉడకబెట్టిన గుడ్లూ తెచ్చి పెట్టి, ముసలావిడ చెయ్యి పట్టుకుని క్షమించమంది. డబ్బు తీసుకోలేదు. అందరూ వెళ్ళాక షట్టరు సగానికి దించింది.

"లోపలికి రా" అంది తమ్ముణ్ణి.

వంటింట్లో గరిటెడు పులుసు తీసి, "చెయ్యి పట్టు" అంది. ఆయన అరచెయ్యి చాపాడు. పోసింది. నాకాడు.

"చెప్పు."

"ఉప్పు కషాయంలా ఉందక్కా."

"ఎప్పట్నుంచి?"

"నీ జ్వరం తగ్గినప్పట్నుంచీ."

అక్క ఎత్తుపీట లాక్కుని కూలబడింది. చాలాసేపు కుళాయి కింద పేరుకున్న గిన్నెల్నే చూసింది.

"చిన్నప్పుడు ఉప్పు చూడరా అని ఇలాగే చేతిలో పోసేదాన్ని. బాగాలేకపోతే నేల మీద ఊసేసి పారిపోయేవాడివి. ఎంత తన్నినా మాట మార్చేవాడివి కాదు."

"నీకు కష్టమేస్తుందని..."

"నాకు రుచి తెలియకపోతే ఏమైందిలే, నా బెంగ నాకే ఉంది, తినేవాళ్ళు బాగానే తింటున్నారు కదా అనుకున్నానురా. రోజూ నా ఎదురుగా కూర్చుని అందరూ నాటకమాడారన్నమాట."

"అక్కా, నేను..."

"ఇన్నేళ్ళు నువ్వు రాయలేదు. ఒక్కనాడు నొచ్చుకోలేదు నేను. రాయకపోవడానికి ఏదో రూలుందని తెలుసు. ఇప్పుడు రాశావు చూడు..." లేచి, కూర గిన్నె ఎత్తి తూములో కుమ్మరించింది. "వెళ్ళు" అంది అటు తిరిగే.

మర్నాటినుంచి హోటలు తెరవలేదు. నాలుకాయన భార్యే బతిమాలి ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈయన వెంట వెళ్ళి గది బయట నిలబడ్డాడు. జ్వరంతోనే ఆ నరాలు దెబ్బతిన్నాయనీ, ఇంతకాలమయ్యాక తిరిగి రావడం కష్టమనీ డాక్టరు చెప్పాడు.

"అప్పుడే తీసుకొచ్చుంటే నయమయ్యేదాండీ?" అని నాలుకాయన గుమ్మంలోంచే అడిగాడు.

"కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడెలా చెప్తాం?"

అక్క ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళి మరదలితోపాటు ఆటో ఎక్కింది.

ఆయన ఆఫీసుకి వెళ్ళి ఎడిటరుతో జరిగిందంతా చెప్పాడు. అమ్ముడుపోని పుస్తకాలు గోదాంలో ఉంటే, వాటి పక్కనే నేల మీద కూర్చుని, ఒక్కొక్కదాంట్లో ఆ పేజీ తీసి, అక్క హోటలు గురించి రాసినచోట తెల్లకాగితం ముక్క జిగురుతో అంటించాడు. సాయం చేస్తామని వచ్చినవాళ్ళని పంపేశాడు. ఆ తర్వాత ఆదివారం ముక్క కూడా మానేశాడు. దారిలో ఎవరైనా ఆపి మంచి భోజనం ఎక్కడని అడిగితే, "ఎక్కడైనా బాగానే ఉంటుందండీ" అని తప్పించుకునేవాడు.

హోటలు గదిని సెలూనతను అద్దెకి తీసుకున్నాడు. అక్క మరదలితో ఫోన్లో మాట్లాడేది కానీ తమ్ముడి ఊసెత్తేది కాదు. వానలు వచ్చి వెళ్ళాయి.

చలి ముదురుతుండగా ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైతే ఆయనే తీశాడు. గుమ్మంలో అక్క. బాగా చిక్కిపోయింది.

"చెప్పులేసుకో. ఆకలేస్తోంది. ఎక్కడికైనా తీసుకెళ్ళు."

"ఇంట్లో అన్నం ఉందక్కా..."

"ఇంట్లో అన్నం మా ఇంట్లోనూ ఉంది. నా జన్మలో ఇంకొకరి హోటల్లో కూర్చుని తిన్నదాన్ని కాదు. పద. నీ మీద కోపం పోయిందనుకోకు."

వంతెన దగ్గర కొత్తగా తెరిచిన హోటలుకి తీసుకెళ్ళాడు. సూపూ వేయించిన చేపా చెప్పాడు. అక్క తలొంచుకుని తింది. వేడికి ముక్కు తుడుచుకుంది. కొంతసేపయ్యాక, "ఎలా ఉంది?" అని అడిగింది.

బాగుందనబోయి ఆగాడు. మళ్ళీ ఒక చెంచా తాగాడు.

"సూప్ బాలేదు. నీళ్ళు ఎక్కువయ్యాయి. మిరియాలు దంచి వెయ్యలేదు, ఎప్పుడో కొన్న పొడి వేశారు. చేప బాగుంది. పైన కరకరలాడుతోంది, లోపల మెత్తగా ఉంది."

"కరకర నాకూ తెలుస్తోంది. నిమ్మకాయ పిండారా?"

"పిండారు. కొంచెం ఎక్కువే."

అక్క వంటింటి తలుపు వైపు చూసింది. లోపల ఒకావిడ నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ పెనం తిప్పుతోంది.

"ఒక్కతే చేసుకుంటున్నట్టుంది. వెళ్ళి చెప్పు, మిరియాలు దంచుకోమని."

"నేనిప్పుడు రాయట్లేదక్కా."

"రాయమన్నానా? చెప్పమన్నా."

ఆయన లేచి వెళ్ళాడు. ఆ గుమ్మం దాటి నోరు విప్పడానికి చాలా అవస్థపడ్డాడు. తిరిగొచ్చేసరికి అక్క కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోకుండానే చేప తింటోంది, ముల్లు జాగ్రత్తగా తీసి కంచం అంచున పెడుతూ.

"ఏమంది?"

"సరేనంది."

"కోపమొచ్చిందా?"

"మొహం మాడ్చుకుంది."

"మాడ్చుకోనీ" అంది అక్క. తన కంచంలో మిగిలిన ముక్క తీసి ఆయన కంచంలో వేసింది. "చల్లారిపోతోంది, తిను."